లాన్ స్ప్రింక్లర్లలో ప్రెజర్ పడిపోయిందా? మోటారు మార్చేముందు ఇవి చూడండి

మన గోదావరి జిల్లాల్లో పదిహేను ఇరవై ఏళ్ల కిందట ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది కడియం నర్సరీల నుంచి లాన్ తెచ్చి పరిపించుకుని, దాంతోపాటే భూమిలో పైపులేయించి స్ప్రింక్లర్లు పెట్టించుకున్నారు కదండి, ఇప్పుడు వాటన్నిటికీ వయసు మీద పడింది. ఒకప్పుడు ప్రహరీ దాకా కొట్టిన నీళ్లు ఇప్పుడు మూరెడు లేచి అక్కడే కారిపోతుంటాయి, నీళ్లు చల్లే నాలుగు హెడ్ల మధ్యలో గడ్డి ఎండిపోయి చాపలా పడుంటది. మెకానిక్‌ని పిలిస్తే మోటారు మీద ఓసారి చెయ్యేసి చూసి "పాతదైపోయిందండి, ఒకటిన్నర హెచ్‌పీ వేయించేయండి, కొట్టేస్తాది" అంటాడు. దయచేసి అప్పుడే సరేననకండి. నేను చూసిన పాత ఇళ్లల్లో ఎక్కువసార్లు మోటారు బాగానే ఉంది, ప్రెజర్ పోతున్నది మోటారుకీ నాజిల్‌కీ మధ్యలో. లైను ఎక్కడో పూడుకుపోయి ఉంటే పెద్ద మోటారు పెట్టినా చివరి హెడ్ దాకా వెళ్లేది అంతంతమాత్రమే, పైగా ఆ తోపుకి పాత జాయింట్లు ఊడిపోతాయి, కరెంటు బిల్లు పెరుగుద్ది, గడ్డి మాత్రం అలాగే ఎండుద్ది.

అందుకని ముందు కొలవాలి. దీనికి కావాల్సింది ఒక ప్రెజర్ గేజు, శానిటరీ షాపులో గానీ మోటారు స్పేర్లు అమ్మే షాపులో గానీ కొన్ని వందల్లో వచ్చేస్తది, 7 కేజీల దాకా చూపించేది చాలు (ప్రెజర్‌ని చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీలని కొలుస్తారు). ఇంకా 20 లీటర్ల పెయింటు బకెట్ ఒకటి, టైము చూడ్డానికి ఫోను, పాత టూత్ బ్రష్, టెఫ్లాన్ టేపు, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఓ పావుకేజీ, అంతే.

ఒక లెక్క గుర్తుంచుకోండి, మిగతాదంతా దీనిమీదే నడుస్తది. నీళ్లు 10 మీటర్ల ఎత్తున ఉంటే కింద వచ్చే ప్రెజర్ సుమారు 1 కేజీ, అంటే 14 పీఎస్ఐ. లాన్‌లోంచి పైకి లేచి గొడుగులా చల్లే మామూలు పాప్-అప్ హెడ్‌కి 2 కేజీలుండాలి, గుండ్రంగా తిరుగుతూ దూరం కొట్టే రోటర్‌కి 3 కేజీల దాకా కావాలి. ఇప్పుడు మేడమీది ట్యాంకు నుంచి డైరెక్టుగా స్ప్రింక్లర్లకి ఇచ్చుకున్నవాళ్లు ఒకసారి ఆలోచించండి, ట్యాంకు 30 అడుగుల ఎత్తులో ఉన్నా మీకొచ్చేది 1 కేజీ కన్నా తక్కువే. అది మొదట్నుంచీ చాలీచాలని ప్రెజరే, కొత్తలో పైపులు నున్నగా ఉండి ఏదో నెట్టుకొచ్చింది. అలాంటి ఇంట్లో ఎన్ని నాజిళ్లు కడిగినా లాభం లేదు, ట్యాంకు కింద చిన్న బూస్టర్ పంపు పెట్టడమో, లేదంటే తక్కువ ప్రెజర్‌కి పనిచేసే రెయిన్ హోస్‌కి, అంటే సన్న చిల్లుల్లోంచి నీళ్లు చిమ్మే పైపుకి, మారిపోవడమో మేలు.

బోరు నుంచో నూతిలోంచో ఫిల్టర్ పాయింట్ (తక్కువ లోతు బోరు) నుంచో మోటారుతో డైరెక్టుగా కొట్టించుకునేవాళ్లు, మీది అసలు సంగతి. మోటారు డెలివరీ పైపు మీద, గేటు వాల్వు రాకముందే, ఒక టీ (మూడు నోళ్ల జాయింటు) వేయించి గేజు బిగించండి. మళ్లీమళ్లీ పనికొస్తది కాబట్టి దాన్ని అక్కడే ఉంచేయండి. తర్వాత మోటారు ఆన్ చేసి, వాల్వు పూర్తిగా కట్టేసి గేజు చూడండి, అర నిమిషం మించి అలా ఉంచకండి, నీళ్లు కదలకపోతే లోపల వేడెక్కిపోద్ది. మోటారు మీద ప్లేటుంటది కదా, దానిమీద హెడ్ ఇన్ని మీటర్లు అని రాసుంటది (ఇది స్ప్రింక్లర్ హెడ్ కాదు, మోటారు నీళ్లని ఎంత ఎత్తుకి తోయగలదో ఆ అంకె), అందులో ఎక్కువ అంకె తీసుకోండి. ఉదాహరణకి 32 మీటర్లు అనుకుందాం, నీళ్లు భూమిలో 6 మీటర్ల లోతున ఉంటే 32లోంచి 6 తీసేస్తే 26, అంటే గేజు 2.6 కేజీల దగ్గర్లో చూపించాలి. అక్కడక్కడే చూపిస్తే మీ మోటారుకి ఏ జబ్బూ లేదు, లోపల నీళ్లు తోసే చక్రం, అదే ఇంపెల్లర్, బాగుంది. బాగా తక్కువ చూపిస్తే తప్పు మోటారులో ఉంది, లేదా మోటారుకి నీళ్లు అందే వైపు ఉంది.

రెండో రీడింగు, వాల్వు పూర్తిగా తెరిచి స్ప్రింక్లర్లు మామూలుగా నడుస్తున్నప్పుడు అదే గేజు మీద. మూడోది చివరి హెడ్ దగ్గర. దానికి నాజిల్ ఉన్న బాడీ విప్పేసి కింద రైజర్‌కి, అంటే పైపు నుంచి హెడ్ దాకా లేచే నిలువు ముక్కకి, టీ పెట్టి ఒక పక్క గేజు, ఇంకో పక్క హెడ్ మళ్లీ బిగించి నీళ్లు వదలాలి. కొంచెం చిరాకు పనే గానీ ఈ మూడు అంకెలు చేతిలో ఉంటే తవ్వాల్సిన చోటు మీకు ఇంట్లో కూర్చునే తెలిసిపోద్ది.

ఎలాగంటే, నడుస్తున్నప్పుడు మోటారు దగ్గర ప్రెజర్ బాగా ఉండి, దాదాపు వాల్వు కట్టేసినప్పుడు ఎంతుందో అంత ఉండి, చివరి హెడ్ దగ్గర మాత్రం పడిపోయిందంటే మధ్యలో ఎక్కడో అడ్డం ఉంది. ఫిల్టరో, వాల్వో, తుప్పు పట్టిన పైపో. అలాకాకుండా నడుస్తున్నప్పుడు మోటారు దగ్గరే ప్రెజర్ పడిపోయిందంటే రెండింట్లో ఒకటి, నీళ్లు ఎక్కడో ఎక్కువగా పోతున్నాయి, లేదా మోటారుకే సరిపడా నీళ్లు అందట్లేదు. ఈ రెండింటినీ విడదీయడానికే బకెట్. డెలివరీ దగ్గర పైపు విప్పి బకెట్‌లోకి పట్టి ఎన్ని సెకన్లకి నిండిందో చూడండి, 20 లీటర్లు 40 సెకన్లకి నిండితే నిమిషానికి 30 లీటర్లు. ప్లేటు మీద రాసిన డిశ్చార్జితో, అంటే మోటారు ఇవ్వాల్సిన నీళ్ల లెక్కతో పోల్చుకోండి, బాగా తక్కువుంటే సక్షన్ వైపు, అంటే మోటారు నీళ్లు పీల్చుకునే వైపు చూడాలి, దగ్గర్లోనే ఉంటే నీళ్లు తోటలోనే ఎక్కడో పోతున్నాయి.

మా పెదనాన్నగారింట్లో, రావులపాలెంలో, సరిగ్గా ఇదే. మెకానిక్ మోటారు మార్చాలన్నాడు, కొటేషన్ కూడా ఇచ్చేశాడు. "ఏరా అబ్బాయ్, ఆర్డరు పెట్టేయమంటావా" అని ఆయన ఫోను చేస్తే "ఒక్క పూట ఆగండి పెదనాన్నా, నేనొచ్చి గేజు పెట్టి చూస్తాను" అన్నాను. పంపు దగ్గర 2.7, చివరి హెడ్ దగ్గర ముప్పావు కేజీ. మధ్యలో ఉన్నవి రెండే, ఫిల్టరూ గేటు వాల్వూ. ఫిల్టర్ కడిగితే ఏం తేడా రాలేదు. గేటు వాల్వు చక్రం తిప్పితే హాయిగా తిరుగుతుంది, తెరుచుకుంటున్నట్టే ఉంది, కానీ విప్పి చూస్తే లోపల కడ్డీకీ గేటుకీ ఉన్న పట్టు తెగిపోయి గేటు సగానికి జారి అక్కడే ఉండిపోయింది. చక్రం ఎంత తిప్పినా అది లేవదు. ఇత్తడి అంతా పచ్చగా చిలుం పట్టేసింది. దాని బదులు అదే సైజు బాల్ వాల్వు వేస్తే సరిపోయింది, మోటారు ఇప్పటికీ అదే. పాత గేటు వాల్వులున్న ప్రతి ఇంట్లో ఈ అనుమానం ముందు పెట్టుకోండి, చక్రం తిరిగినంత మాత్రాన వాల్వు తెరుచుకున్నట్టు కాదు.

ఇక ఫిల్టర్. జాలీ ఫిల్టర్ గానీ డిస్కు ఫిల్టర్ గానీ వేయించినోళ్లు చాలామంది అది ఉందన్న సంగతే మర్చిపోతారు, చెట్ల సందులో ఎక్కడో ఉంటది. విప్పి బ్రష్‌తో కడగండి, జాలీ చిరిగితే మార్చండి, చిరిగిన జాలీతో నడపొద్దు, అసలు ఆ ఇసుకంతా వెళ్లి నాజిళ్లలో పడేది అందుకే. కొందరు ప్రెజర్ పెరుగుతుందని జాలీ తీసి పక్కన పడేస్తారు, నిజంగానే ఓ వారం బాగా కొడతాయి, తర్వాత హెడ్లన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి.

హెడ్ల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మన నీళ్లతో అసలు తంటా ఇక్కడే. డెల్టాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఇనుము ఉంటది. గ్లాసులో పట్టినప్పుడు తెల్లగానే ఉంటాయి, ఓ గంట అలా వదిలేస్తే పసుపు తిరిగి అడుగున ఎర్రటి మడ్డి దిగుతుంది, గాలి తగిలేసరికి కరిగున్న ఇనుము బయటపడుద్దన్నమాట. మీ ప్రహరీకి స్ప్రింక్లర్ నీళ్లు తగిలే చోట ఎర్ర మరకలుంటే ఇంక పరీక్ష కూడా అక్కర్లేదు. హెడ్ పైమూత అపసవ్యంగా తిప్పి విప్పండి, స్ప్రింగు ఎగిరిపోకుండా చేత్తో పట్టుకుని కాడ బయటకి లాగండి, చివర నాజిల్ తిప్పితే వచ్చేస్తది, దానికింద వేలి గోరంత బుట్టలాంటి జాలీ ఉంటది. ఇనుము నీళ్ల ఇంట్లో ఆ బుట్ట నిండా రాగిజావలాంటి జిగురు ఉంటది, వేలితో నొక్కితే జారుద్ది. అది వట్టి తుప్పు కాదు, ఇనుము మీద బతికే బాక్టీరియా చేసే జిగురు, అందుకే నీళ్లతో కడిగితే పైపైన పోయి మళ్లీ వచ్చేస్తది. లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి నాజిళ్లూ జాలీలూ రాత్రంతా నానబెట్టండి, పొద్దున్నే బ్రష్‌తో రుద్దితే కొత్తవాటిలా వస్తాయి. గుండుసూదితో, మేకుతో పొడవకండి, ప్లాస్టిక్ రంధ్రం అంచు గీసుకుపోతే నీళ్లు చల్లే తీరు శాశ్వతంగా పాడైపోద్ది. ఇంకో మాట, లైన్లో జిగురు పోవడానికి బ్లీచింగ్ పౌడర్ వాడేవాళ్లున్నారు, వాడితే వాడండి గానీ నిమ్మ ఉప్పుతోనో ఇంకే యాసిడ్‌తోనో మాత్రం కలవనివ్వకండి, క్లోరిన్ గ్యాస్ వస్తది, మూసిన పంపు గదిలో అయితే ప్రాణం మీదకి వస్తది.

సఖినేటిపల్లి, మలికిపురం లాంటి సముద్రం దగ్గర ఊళ్లవాళ్లకి ఇనుముతో పాటు ఉప్పు కూడా. అక్కడ నాజిల్ చుట్టూ తెల్లటి పొర కడుతుంది, దానికీ అదే నిమ్మ ఉప్పు.

నాజిల్ మూసుకుపోవడం అందరికీ తెలుసు, అరిగిపోవడం గురించి ఎవరూ అనుకోరు. ఇసుక వచ్చే బోరు అయితే ఏళ్ల తరబడి ఆ ఇసుక రాపిడికి రంధ్రం పెద్దదవుద్ది. 3 మిల్లీమీటర్ల రంధ్రం మూడున్నర అయిందంటే వినడానికి అర మిల్లీమీటరే, కానీ ఒక్కో నాజిల్‌లోంచి మూడో వంతుకు పైగా ఎక్కువ నీళ్లు పోతాయి, పది హెడ్ల మీద అలా పోతే మోటారు ఎక్కడ తట్టుకుంటది, ప్రెజర్ పడిపోయి అన్నీ నీరసంగా కొడతాయి. ఇత్తడి నాజిల్ ఇంపాక్ట్ స్ప్రింక్లర్లున్నవాళ్లు ఇలా చూడండి, 3 మిల్లీమీటర్ల నాజిల్‌లో మూడున్నర మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ వెనకవైపు నున్నగా ఉండే కాడ పెట్టి చూడాలి, దూరిందంటే అరిగిపోయినట్టే. మార్చేటప్పుడు ఒకటీ రెండూ కాకుండా ఆ లైనులో అన్నీ ఒకేసారి మార్చండి.

లీకులు. పాత నల్లమట్టి నేలల్లో ఇది తప్పదు, వేసవిలో నేల బీటలిచ్చి వానాకాలం ఉబ్బుద్ది, ఏటా ఆ సాగుడుకి పీవీసీ జాయింట్లు మెల్లగా వదులవుతాయి, కొబ్బరి చెట్టు దగ్గర్లో ఉంటే వేళ్లు కూడా పైపుని ఎత్తేస్తాయి. వేసవిలో అయితే లీకున్న చోట గడ్డి ఒక్కటే పచ్చగా ఉండి తెలిసిపోద్ది. కానీ జూలై నుంచి అక్టోబరు దాకా మన దగ్గర నేలంతా తడే కదా, గునపం దించితే నీళ్లొస్తాయి, కంటితో కనిపెట్టడం కుదరదు. అప్పుడు మళ్లీ గేజే దిక్కు. లైనులో హెడ్లన్నీ తీసేసి రైజర్లకి ఎండ్ క్యాపులు (కొస మూతలు) బిగించి, గేజు ఒకటి ఆ లైనులోనే పెట్టి, మోటారుతో ప్రెజర్ ఎక్కించి వాల్వు కట్టేయండి. పావుగంట చూడండి. ముల్లు కదలకపోతే లైను గట్టిగా ఉంది, గబగబా దిగిపోతే లీకుంది. మధ్యలో ఎక్కడైనా కోసి క్యాపు పెట్టి సగం సగం పరీక్షిస్తూ పోతే లాన్ మొత్తం తవ్వకుండానే చోటు దొరుకుద్ది.

దొరికాక ఆ ముక్క కోసేసి కొత్త ముక్క, కప్లర్లు, సొల్యూషన్. పైపు కొసలు తుడిచి పూర్తిగా ఆరాకే సొల్యూషన్ రాయాలి, బురదలో కూర్చుని హడావిడిగా అతికిస్తే ఆ జాయింటు నిలవదు, అందుకని పైపు కింద జానెడు లోతు ఎక్కువ తవ్వి నీళ్లు తోడేసి పని చేయించండి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాత్రంతా వదిలేసి మర్నాడు ప్రెజర్ ఇవ్వండి. ప్లంబర్ గంట చాలంటాడు, ఒప్పుకోకండి. మర్నాడు పూర్తి ప్రెజర్ ఇచ్చేముందు చివరి హెడ్ విప్పి మోటారు ఓ ఐదు నిమిషాలు వదలండి, లోపలున్న మడ్డి ఇసుక బయటికొచ్చేస్తది.

ప్లాస్టిక్ కాకుండా జీఐ (జింకు పూత ఇనుప) పైపులు వేయించుకున్న బాగా పాత ఇళ్లకి మాత్రం ఒక నిజం చెప్పాలి, వాటిని శుభ్రం చేయాలని చూడకండి. లోపల తుప్పు గడ్డలు కట్టి ఇంచి పైపులో ముప్పావించి దారి మిగిలిందంటే అదే నీళ్లు తోయడానికి ప్రెజర్ నష్టం దాదాపు నాలుగింతలవుద్ది. ఒక అడుగు ముక్క కోయించి లోపల వేలు పెట్టి చూసుకోండి, గరుకుగా గుట్టలు తగిలితే ఆ లైను మార్చేయడమే.

సక్షన్ వైపు సంగతి. వేసవిలో కాలవలు కట్టేశాక ఫిల్టర్ పాయింట్లలో, నూతుల్లో నీళ్లు దిగిపోతాయి, కాలవలు వదిలాక మళ్లీ పైకొస్తాయి. నేలమీద కూర్చునే మోనోబ్లాక్ మోటారు నీళ్లని కింద నుంచి పీల్చగలిగేది ఆచరణలో 20, 22 అడుగులే, లోతు అంతకు మించితే ఎంత హెచ్‌పీ ఉన్నా లాభం లేదు. మీకు ఏప్రిల్, మేలో ప్రెజర్ పడిపోయి జూన్ తర్వాత దానంతటదే బాగైపోతుంటే తోటలో ఒక్క పైపు కూడా ముట్టుకోకండి, నీటిమట్టంతో వచ్చిన తేడా అది, మోటారుని గుంటలోకి దించడమో సబ్‌మెర్సిబుల్‌కి మారడమో ఆలోచించండి. ఏడాదంతా అలాగే ఉంటే సక్షన్ పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు జాలీకి నాచు పట్టిందేమో, సక్షన్ పైపులో ఎక్కడైనా గాలి తీస్తుందేమో చూడాలి. గాలి తీస్తుంటే స్ప్రింక్లర్లు ఉమ్మినట్టు ఆగి ఆగి కొడతాయి. సక్షన్ జాయింట్ల మీద సబ్బు నురగ రాసి మోటారు వేయండి, నురగ లోపలికి పీల్చుకుపోతే అక్కడే.

కరెంటు వైపు త్వరగా చెప్పేస్తాను, అది ఎలక్ట్రీషియన్ పని. వోల్టేజీ 230 ఉండాల్సింది 180కి పడితే మోటారు బలం 60 శాతానికి పడిపోద్ది, అందుకే సాయంత్రం ఏసీలు వేసే టైములో కాకుండా తెల్లవారుజామున నీళ్లు పెట్టుకోండి, గాలి కూడా తక్కువుంటది, ఎండకి ఆవిరవదు. మోటారు గుర్రుమని స్టార్టవడానికి మొరాయిస్తే కెపాసిటర్ పోయుంటది. త్రీఫేజ్ ఉన్నవాళ్లు, లైను రిపేరు జరిగిన మర్నాటి నుంచి ప్రెజర్ పడిపోయిందంటే మోటారు తిరగబడి తిరుగుతుందేమో చూపించండి, రెండు ఫేజులు మారిస్తే సరిపోద్ది. మున్సిపల్ కుళాయికి మాత్రం మోటారు తగిలించి గుంజకండి, అది నేరం, పైగా ఆ పీల్పుకి పక్కనున్న డ్రైను నీళ్లు కూడా తాగేనీళ్లలోకి వచ్చేస్తాయి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా చాలకపోతే హెడ్లు లెక్కపెట్టండి. ఏళ్లు గడిచేకొద్దీ ఇక్కడొకటి అక్కడొకటి కలుపుకుంటూ పోతాం కదా. 15 అడుగుల దూరం కొట్టే నాజిల్ చుట్టూరా చల్లేదైతే 2 కేజీల దగ్గర నిమిషానికి 14 లీటర్లు తాగుద్ది, సగం వలయం అయితే 7, మూలకి పెట్టే పావు అయితే మూడున్నర. బకెట్‌లో వచ్చిన 30 లీటర్లు పైపు నోరు తెరిచి ఉన్నప్పటివి, ప్రెజర్ మీద అంత రావు, 20 లెక్కేసుకోండి. అంటే ఒకేసారి నడిచేది మూడు సగం హెడ్లే. కాబట్టి లైనుని రెండుగా చీల్చి మధ్యలో రెండు బాల్ వాల్వులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి నడుపుకోండి, కొత్త మోటారు ఖర్చుతో పోలిస్తే ఇదెంతో కాదు.

నేల పెరిగి హెడ్లు కిందకి దిగిపోయినా ప్రెజర్ లేనట్టే కనిపిస్తది, ఏటా ఎరువు మట్టి పోస్తాం కాబట్టి. నీళ్లు గడ్డికే కొట్టుకుని ఆగిపోతాయి. చుట్టూ తవ్వి రైజర్ కింద ఓ చిన్న నిపుల్ (పొట్టి పైపు ముక్క) కలిపి ఎత్తు సరిచేయండి, మూత నేలతో సమానంగా ఉండాలి. తవ్వినప్పుడే పైపు ఎటు వెళ్తుందో చూసి, గోడ నుంచి ఎన్ని అడుగుల్లో ఎంత లోతులో ఉందో కొలిచి టేపు కనపడేలా ఫోటో తీసుకుని, పంపు గది తలుపు లోపలివైపు పెయింటుతో ఆ కొలతలు రాయించేయండి.